మీట మీద వేలు

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను రిజర్వ్ ఎస్సై హోదాలో, బ్యాండ్ మాస్టర్‌గా, కర్నూలు వైపు ఒక ప్రత్యేక పోలీసు బెటాలియన్‌కు వేశారు. బెటాలియన్ పేరు రాయను. ఇప్పుడు అక్కడ ఉన్నవాళ్లకు ఈ సంగతితో సంబంధం లేదు. అప్పుడు ఉన్నవాళ్లలో సిగ్గుపడవలసినవాణ్ని నేనే కాబట్టి నా సంగతి ఒక్కటి చెబితే చాలు.

ఇది రాయడానికి కారణం కర్నూలులో గిటార్ నేర్చుకుంటున్న నలుగురు కుర్రాళ్లు. పోయిన నెల మా ఇంటికి వచ్చి, జాజ్ వాయించేవాడంటే ఎవరు సార్, మామూలు వాద్యకారుడికీ అతనికీ తేడా ఏమిటి అని అడిగారు. ఈ ఊళ్లో నన్ను జాజ్ తెలిసిన మనిషి అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో గాని వచ్చింది. నేను కుర్చీలో వెనక్కి వాలి స్వరాల గురించి, తాళం గురించి గంటసేపు చెప్పి, టీ ఇచ్చి పంపించాను. వాళ్లు గేటు దాటగానే నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు, నేను చెప్పింది మాత్రం అది కాదు.

పోలీసు బ్యాండ్ గురించి బయటివాళ్లకు తెలిసింది తక్కువ. మేమూ కానిస్టేబుళ్లమే. ఖాకీ అదే, జీతం అదే, అవసరమైతే జాతర బందోబస్తుకూ పంపుతారు. అయినా తుపాకీ పట్టే కంపెనీలవాళ్లు మమ్మల్ని పోలీసుల్లో కలపరు. మేము వాద్యాలు మోసుకుని పోతుంటే, "ఏమప్పా, పెండ్లి యాడ?" అని ఎగతాళి చేస్తారు. ప్రతి వాద్యానికీ వాయించవలసినది రాసిన కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని పార్ట్ అంటాం. పార్ట్‌లో ఉన్నది వాయించాలి, లేనిది వాయించకూడదు. ఒక్క మాటలో చెప్పాలంటే బ్యాండ్ మాస్టర్ ఉద్యోగం ఆ కాగితాలకు కాపలా కాయడం.

నేను పుట్టింది కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెలో. మా నాన్న చర్చిలో ఉపదేశి, ఆదివారాలు హార్మోనియం వాయించేవాడు. మిషన్ బోర్డింగు స్కూలు బ్యాండ్‌లో నేర్చిన కార్నెట్ అనే చిన్న బాకా వాయించి చూపించి నేను పోలీసు ఉద్యోగంలో చేరాను. సర్వీసు మొదట్లో గుంతకల్లులో రెండేళ్లున్నాను. అక్కడ చర్చిలో నార్మన్ దొర పరిచయమయ్యాడు. రైల్వేలో గార్డుగా రిటైరైన ఆంగ్లో ఇండియన్, వయసులో ఉన్నప్పుడు రైల్వే వాళ్ల డాన్సులకు శాక్సఫోన్ వాయించినవాడు. ఆరాధన అయ్యాక ఆయన ఇంటి వరండాలో నాకు శాక్సఫోన్, జాజ్ నేర్పాడు.

జాజ్‌లో ముందు పాటను అందరూ ఉన్నది ఉన్నట్టు వాయిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ వంతులవారీగా అదే పాట మీద అప్పటికప్పుడు తమ సొంతం అల్లుతారు. మా వైపు పౌరాణిక నాటకాలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పద్యం అందరిదీ, పద్యం చివర తీసే రాగం మాత్రం ఆ నటుడిది. బాగుంటే వన్స్‌మోర్ అంటారు, బాగాలేకపోతే దిగిపొమ్మంటారు, రెండూ అతనికే. నార్మన్ దొర నాకు చెప్పింది కూడా అదే. కాగితం చూసి వాయించినప్పుడు తప్పును కాగితం మీదికి తోసేయవచ్చునని, సొంతంగా వాయించినప్పుడు మాత్రం వాయించింది నేనే అని నిలబడాలని, ఆ నిలబడటం రానివాడు ఎంత విద్య ఉన్నా ఈ పనికి రాడని అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. నచ్చడానికి ఖర్చేముంది!

బెటాలియన్‌లో నాకు దొరికిన ఇద్దరి గురించి చెప్పాలి. ట్రంపెట్ వాయించే కానిస్టేబుల్ ఓబులేసుకు ముప్పై దాటి ఉంటాయి. కమలాపురం దగ్గర పల్లె. తాత, తండ్రి పెళ్లిళ్లకు నాదస్వరం ఊదినవాళ్లు. ఆ ఊపిరి ఇతనికి పుట్టుకతోనే వచ్చింది. రెండోవాడు పెద్ద డ్రమ్ము వాయించే హెడ్ కానిస్టేబుల్ ఖాజా. రాయచోటి మనిషి. నాకంటే నాలుగైదేళ్లు చిన్న, ఓబులేసుకు పెద్దన్నలాంటివాడు. ఓబులేసు పెళ్లికి పిల్లను చూసి వచ్చింది కూడా ఖాజానే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం పరేడుకు ముందు, బ్యాండ్ హాలులో మేము ముగ్గురం మిగిలేవాళ్లం. రేకుల కప్పు కింద ఆ వేళలో ఇంకెవరూ ఉండలేరు కాబట్టి మమ్మల్ని అడిగేవారు లేరు. నేను నాకు వచ్చిందంతా వాళ్లకు నేర్పాను. ఓబులేసు ఆరు నెలల్లో నన్ను దాటిపోయాడు. సాధన రిజిస్టరులో మాత్రం నేను రోజూ మార్చింగు ట్యూన్ల అభ్యాసం అనే రాసేవాణ్ని.

ఖాజాది ఒక చిత్రమైన అలవాటు. పరేడులో పెద్ద డ్రమ్ము దెబ్బ ఎడమ కాలు నేలను తాకినప్పుడే పడాలి. అది అతను ఎన్నడూ తప్పలేదు. మా మధ్యాహ్నాల్లో మాత్రం రెండు దెబ్బలు మెల్లగా వేసి, మూడోదాన్ని రవ్వంత ఆలస్యంగా వేసేవాడు. ఆ ఆలస్యంలో ఒక ఖాళీ వచ్చేది. ఓబులేసు ఆ ఖాళీలో ఏడు స్వరాలు చిన్నగా ఊది జవాబిచ్చేవాడు. ఒకసారి నేను ఖాజాను, మూడో దెబ్బ ఎందుకు వెనకబడుతోందని అడిగాను. "రానీలే సార్, యాడికి పోతాది?" అన్నాడు. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లు. నాకు అసూయగా ఉండేది. ఆ సంగతి అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ చలికాలంలో బెటాలియన్ బడాఖానా జరిగింది. అధికారులూ జవాన్లూ కలిసి కూర్చుని చేసే మధ్యాహ్న భోజనం అది. మా అసిస్టెంట్ కమాండెంట్ గారికి పాశ్చాత్య సంగీతం మీద మోజు. బిర్యానీ వడ్డిస్తుండగా, మాస్టర్, కొంచెం జాజ్ వినిపించండి అని ఆజ్ఞాపించారు. నేను పార్ట్ చూసి శాక్సఫోన్ మీద పాట ఎత్తాను, ఖాజా తాళం పట్టాడు, ఓబులేసు పావుగంట సొంతంగా అల్లాడు. మూడో దెబ్బకు ముందు వచ్చే ఆ ఏడు స్వరాలూ అందులో వచ్చాయి. అధికారి ప్లేటు పక్కన పెట్టి లేచి వచ్చారు. ఓబులేసు భుజం తట్టి, ఇతను మన బెటాలియన్‌కు గర్వకారణం అన్నారు. ఆ మాట అందరూ విన్నారు.

ఎండాకాలం వచ్చింది. కడప వైపు ఒక జాతర బందోబస్తుకు మనుషులు చాలక బ్యాండ్ నుంచి పదిమందిని పంపమన్నారు. పంపే జాబితా మీద సంతకం నాదే. తిరుగు ప్రయాణంలో ఘాటు రోడ్డు మీద వ్యాను బోల్తా పడింది. ముగ్గురికి దెబ్బలు తగిలాయి. ఖాజా ఒక్కడే పోయాడు.

డ్యూటీలో పోయిన మనిషి కాబట్టి పోలీసు లాంఛనాలతో అంత్యక్రియలు చేయాలి. రాయచోటిలో జనాజా నమాజు అయ్యాక ఖబరస్తాన్‌లో జవాన్లు తుపాకులు తలకిందులు చేసి తలలు వంచి నిలబడ్డారు. ఆ తర్వాత చనిపోయినవాడికి వీడ్కోలుగా ఒక బిగిల్ పిలుపు ఊదుతారు. బిగిల్ అనే బాకాకు స్వరం మార్చే మీటలు ఉండవు. పెదవులతో, ఊపిరితో పలికించగలిగిన ఐదారు స్వరాలే దానికున్నవి. మా బెటాలియన్‌లో ఆ పిలుపును ట్రంపెట్‌తో ఊదే ఆనవాయితీ ఉంది. ట్రంపెట్‌కు మూడు మీటలు ఉంటాయి. అయినా ఈ పిలుపులో వాటిని తాకకూడదు. వేళ్లు మడిచి పక్కన పెట్టుకోవాలి. ఊదేవాడు దళానికి దూరంగా ఒక్కడే నిలబడతాడు. అతని కుడి పక్కన రెండడుగుల్లో బ్యాండ్ మాస్టర్ ఉంటాడు. అంటే అతని వేళ్లు కనపడేది ఒక్క నాకే.

ఓబులేసు పిలుపు ఎత్తాడు. ఎండకు ఇత్తడి కాలుతోంది, అయినా స్వరం చలించలేదు. చివరి వరసకు ముందు చిన్న విరామం ఉంటుంది. ఆ విరామంలో అతని వేళ్లు విచ్చుకోవడం చూశాను. మధ్య వేలు రెండో మీట మీద వాలింది, తర్వాత ఉంగరపు వేలు మూడో మీట మీద. ఏడు స్వరాలు, చాలా మెల్లగా. ఖాజా వేసే మూడో దెబ్బ కోసం ఆగినట్టు ఒక్క క్షణం ఆగాడు. దెబ్బ పడలేదు. వేళ్లు మళ్లీ మడుచుకుని, చివరి వరసను ఉన్నది ఉన్నట్టు ఊది ముగించాడు.

నేను విన్న సంగీతం మొత్తంలో అంతకంటే సరైనది లేదు. నా సాటి మనిషి ఒకడు ఇక లేడని, మూడో దెబ్బ ఇక పడదని నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. ఖాజా అన్న, రాయచోటిలో టైలరు, తర్వాత నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఏమో సార్, మాకు సంగీతం తెలీదు. మీ మనిషి ఊదినాడే, అది మా తమ్ముని పేరు పెట్టి పిలిచినట్ల ఉండాది" అన్నాడు. అక్కడున్న రెండొందల మందిలో ఎవరికీ అది తప్పుగా వినిపించలేదు, ఒక్కరికి తప్ప. అసిస్టెంట్ కమాండెంట్ గారికి మంచి చెవి ఉంది. బడాఖానాలో విన్న స్వరాలను ఆయన గుర్తుపట్టారు.

మర్నాడు మెమో వచ్చింది. అంత్యక్రియల పిలుపులో వాద్యకారుడు అనధికారికంగా మార్పులు చేసినట్లు గమనించబడినదని, ప్రత్యక్షముగా చూచిన బ్యాండ్ మాస్టర్ మూడు దినములలో నివేదిక సమర్పించవలెనని దాని సారాంశం.

నా ముందున్నవి రెండు దారులు. వేలు జారి పొరపాటు జరిగిందని రాస్తే హెచ్చరికతో వదిలేస్తారు. బుద్ధిపూర్వకంగా చేశాడని రాస్తే అది క్రమశిక్షణ ఉల్లంఘన, బ్యాండ్ నుంచి తీసేసి తుపాకీ పట్టే డ్యూటీ కంపెనీకి పంపుతారు. ఇంకొక చిక్కు కూడా ఉంది. బుద్ధిపూర్వకం అంటే, ఇదంతా ఎవరు నేర్పారు, ఏ వేళలో నేర్పారు, రిజిస్టరులో ఏం రాశారు అని అడుగుతారు. పైమెట్టు ప్రమోషన్‌కు నా పేరు ఆ ఏడే జాబితాకెక్కింది. ఓబులేసును కాపాడటానికే పొరపాటని రాశానని చాలాకాలం చెప్పుకున్నాను. సగం నిజమే. ఆ రెండో సగం కూడా రాయాలని ఇప్పుడు కూర్చున్నాను.

ఓబులేసును నా గదికి పిలిచాను.

"వేలు జారిందని రాస్తాండా. అడిగితే ఔనను, ఐపోతాది" అన్నాను.

"జారలేదు గదా సార్."

"నాకు తెలీదా? నేను చూసినా. చూసినోడు రాస్తే నమ్ముతారు, అందుకే చెప్తాండా."

అతను నా బల్ల మీది మెట్రోనోమ్ వైపు చూశాడు. తాళం కొలిచే యంత్రం అది.

"ఇంగ దేనికైనా తప్పయిందని రాసిస్తా సార్. పరేడుకు లేటుగా వచ్చినానని రాయండి, సంతకం పెడ్తా. అది మటుకు తప్పు పోయిందని అనలేను. అట్లంటే ఖాజన్నకు నేను తప్పు ఊది పంపినట్లు ఐతాది."

"బ్యాండ్ పోతాదప్పా."

"పోనీ సార్."

బ్యాండ్ తప్ప అతనికి వేరే లోకం లేదని నాకు తెలుసు. అయినా నివేదిక నేను అనుకున్నట్టే రాసి పంపాను. ఎండ తీవ్రత వలన, మానసిక ఆందోళన వలన, వేలు జారినందున అపస్వరములు పలికినవి. నా సంతకం, హోదా, తేదీ. నా గదిలో మొండికేసినా విచారణలో బెటాలియన్ అధిపతి కమాండెంట్ గారి ముందు భయపడి ఔనంటాడని నా నమ్మకం. మనిషి ఎదుట అధికారి ఉంటే ఏం చేస్తాడన్నది నాకు నా మనసును బట్టే తెలుసు కదా.

ఆర్డర్లీ రూము అంటే కమాండెంట్ గారు తప్పు చేసినవాళ్లను విచారించే గది. లోపలికి వచ్చేవాడు టోపీ, బెల్టు తీసేసి రావాలి. పక్కన జవాను నడిపించుకుని వస్తాడు. ఓబులేసు అలా వచ్చి అటెన్షన్‌లో నిలబడ్డాడు. నేను గోడ పక్కన. అసిస్టెంట్ కమాండెంట్ గారు కమాండెంట్ గారి కుడి వైపు. నా నివేదిక చదివి వినిపించి, ఇది నిజమేనా అని అడిగారు.

"కాదు సార్. వేలు జారలేదు. తెలిసే వాయించినా" అన్నాడు ఓబులేసు.

అంటే బ్యాండ్ మాస్టర్ అబద్ధం రాశాడా అని కమాండెంట్ గారు అడిగారు. ఆ క్షణంలో అతను ఒక్క మాట అంటే నా సర్వీసు అక్కడితో సరి. అతను నా వైపు చూడలేదు.

"మాస్టర్‌కు ఎండ కండ్లల్లో పడి ఉంటాది సార్. ఆయనకు కనపడలేదు" అన్నాడు.

తాను వాయించిన స్వరం గురించి అబద్ధమాడనన్న మనిషి నా కోసం నిలువునా ఒక అబద్ధమాడాడు. కమాండెంట్ గారు నా వైపు తిరిగి, నీవు చూశావా లేదా అని అడిగారు. చూశానని, పొరపాటు కాదని, ఆ స్వరాలు నేర్పిన గదికి తాళం చెవి నా దగ్గరే ఉందని చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. మూడో దెబ్బకు పట్టేంత ఖాళీ.

ఎండ కళ్లలో పడింది సార్, సరిగా కనపడలేదు అన్నాను.

బడాఖానా సంగతి అసిస్టెంట్ కమాండెంట్ గారికీ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఆయన ఫైలు వైపు చూశారు, నేను గోడ వైపు చూశాను.

ఓబులేసును బ్యాండ్ నుంచి తొలగించి డ్యూటీ కంపెనీకి మార్చారు. పద్ధతి ప్రకారం అతను ట్రంపెట్‌ను బ్యాండ్ స్టోరుకు అప్పగించాలి, నేను దాని స్థితి పరిశీలించి రసీదు ఇవ్వాలి. మీటలు ఒక్కొక్కటే నొక్కి చూశాను. ఆ ఉదయమే నూనె వేసినట్టున్నాడు, మూడూ మెత్తగా దిగాయి. గంటలాంటి దాని మూతి అంచు తుడిచి మెరుస్తోంది. స్థితి సంతృప్తికరం అని రాశాను. అతను సెల్యూట్ చేసి పోయాడు. నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ ఏడాది చివర్లో నాకు ప్రమోషన్ వచ్చింది. రెండేళ్లకు కమాండెంట్ గారు మారారు. కొత్తాయన మెత్తని మనిషి. ఓబులేసును మళ్లీ బ్యాండ్‌లోకి తీసుకుంటానన్నారు. అందుకు అతను నాటి పొరపాటుకు చింతిస్తున్నట్టు ఒక దరఖాస్తు రాసివ్వాలి, అంతే. దరఖాస్తు నేనే తయారుచేసి, అతను కాపలా కాస్తున్న గోదాము దగ్గరికి తీసుకెళ్లాను. రైఫిల్ భుజాన ఉంది. కాగితం చదివాడు. పై పెదవి మీద ట్రంపెట్ ఊదేవాళ్లకు ఉండే కాయ కరిగిపోయిందని అప్పుడు గమనించాను. రోజూ ఊదకపోతే అది ఆరు నెలలు కూడా నిలవదు.

"మీరు శానా శ్రమ పడినారు సార్" అంటూ కాగితం మడిచి నాకే ఇచ్చాడు.

"ఇంట్లో అయినా ఊదుకుంటాండావా?" అని అడిగాను.

"లేదు సార్. మూడో దెబ్బ యాడుంది?" అన్నాడు.

అతనింకా సర్వీసులోనే ఉన్నాడు. హెడ్ కానిస్టేబుల్ అయ్యాడని విన్నాను. నేను రిటైరైన రోజు సన్మానం చేశారు, శాలువా కప్పారు, జాజ్ విద్వాంసుడు అని ఒక వక్త పొగిడాడు. నేను నమస్కారం పెట్టాను. ఓబులేసు ఆ రోజు గేటు డ్యూటీలో ఉన్నాడు. నా కారు వెళ్లేటప్పుడు నిబంధన ప్రకారం సెల్యూట్ చేశాడు.

ఆ కుర్రాళ్లు మళ్లీ వస్తే ఈ కాగితాలు ఇస్తాను. స్వరాలు, తాళాలు ఎవరైనా నేర్పుతారు. నాకు అవన్నీ వచ్చు, ఆ ఏడు స్వరాలు కూడా వేళ్లతో సహా వచ్చు. నా వంతు వచ్చినప్పుడు నేను ఎప్పుడూ పార్ట్ చూసే వాయించాను. ముప్పై మూడేళ్ల సర్వీసులో కాగితంలో లేనిది నేను సొంతంగా అల్లి పదిమంది ముందు పెట్టింది నివేదికలో వేలు జారిందన్న ఆ ఒక్క వాక్యమే. అది నేనే అల్లానని కూడా కమాండెంట్ గారు అడిగినప్పుడు చెప్పలేకపోయాను.